ఏరో బార్ల మీద వంగి గంటల తరబడి తొక్కాలంటే ఏ సీటు?

మీరు అడిగింది ఇదీ: పర్లాకిమిడిలో ఉంటారు, మామూలు రోడ్ సైకిల్‌కి క్లిప్-ఆన్ ఏరో బార్లు (హ్యాండిల్ మీంచి ముందుకి సాగే కడ్డీలు) బిగించుకుని గోవా 70.3 ట్రయథ్లాన్‌కి (ఈత, సైకిల్, పరుగు వరసగా ఉండే పోటీ) తయారవుతున్నారు. ముంజేతులు బార్ల మీద ఆనించి వంగిన అరగంటకే కింద తిమ్మిరి పడుతోంది. జెల్ కవర్ వేసినా తగ్గలేదు. ఏ సీటు కొనాలి?

నేను బరంపురంలో ఉంటాను. ఇదే బాధ దాదాపు రెండేళ్ళు పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఆ జెల్ కవర్ తీసేయండి. నిటారుగా కూర్చున్నప్పుడు మన బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. ఏరో బార్ల మీదకి వంగగానే కటి భాగం మొత్తం ముందుకి తిరుగుతుంది, బరువు ఆ ఎముకల మీంచి జారి తొడల మధ్య ఉన్న మెత్తటి చోటికి వస్తుంది. ప్యుడెండల్ నరం, దాని పక్కనే రక్తనాళాలు ఉండేది అక్కడే. అవి నలిగితే వచ్చేదే ఈ తిమ్మిరి. జెల్ వేస్తే ఏమవుతుందంటే, ఎముక ఆనిన చోట అది లోపలికి దిగి, మధ్యలో పైకి ఉబ్బుతుంది. అంటే ఎక్కడ నొక్కకూడదో సరిగ్గా అక్కడే ఇంకాస్త నొక్కుతుంది. నేను మొదట కొన్నది వెడల్పాటి మెత్తటి సీటే. వారం తిరిగేసరికి తిమ్మిరికి తోడు తొడల లోపలి చర్మం కూడా ఒరుసుకుపోయింది.

నాకు అసలు సంగతి బోధపడింది పాత బస్టాండు దగ్గర సైకిల్ రిపేరు షాపులో. రిమ్ వంకర తీయించడానికి వెళ్ళాను. ఆ పెద్దాయన సైకిల్ తలకిందులు చేయబోతూ ఆగి, నా పాత సీటు మీద చేత్తో రాసి చూశాడు. "బాబూ, నువ్వు కూర్చునేది ఎక్కడ? వెనకంతా కొత్తదానిలాగే ఉందే!" అన్నాడు. వంగి చూస్తే నిజమే. సీటు ముక్కు వైపు నాలుగు అంగుళాలు నున్నగా అరిగి మెరుస్తోంది, అక్కడి కుట్టు కూడా పోగులు లేచింది. వెనక వెడల్పాటి భాగంలో రెక్సిన్ గింజలు గింజలుగా అలాగే ఉంది. నా కూర్చునే ఎముకల కొలత తీసుకుని, దానికి తగ్గ వెడల్పు అని ఎంచి కొన్న సీటు అది. నేను మాత్రం ఆ వెడల్పు మీద కూర్చోనే లేదు. మీ సీటు కూడా ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి, ఎక్కడ అరిగిందో.

అయినా నేను వెంటనే మారలేదు, అది తప్పు. వేసవిలో జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం వైపు దిగితే నైరుతి గాలి మొహానికి కొడుతుంది. లేచి తొక్కితే ముందుకి కదలడం లేదని వంగే ఉండిపోతాం. అలా ఒక ఏప్రిల్లో సోంపేట దాటి పలాస దాకా వెళ్ళి వచ్చాను, రానూపోనూ 150 కిలోమీటర్ల దాకా. ఆ రోజు పట్టిన తిమ్మిరి మర్నాడు పొద్దున్నకి కూడా వదల్లేదు. చాలా భయమేసింది. డాక్టరు చూసి రెండు వారాలు సైకిల్ ముట్టవద్దన్నారు. ఒళ్ళు నొప్పులకి అలవాటు పడొచ్చు గానీ తిమ్మిరికి అలవాటు పడకూడదు. "కొన్నాళ్ళు తొక్కితే అదే సర్దుకుంటుంది" అని మీకెవరైనా చెబితే దయచేసి వినకండి. మీకు కూడా మర్నాటి దాకా ఉండిపోతుంటే సీటు సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించుకోండి.

1989 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం చివరి రోజున అమెరికా వాడు గ్రెగ్ లెమాండ్ ఇలాంటి బార్లు పట్టుకునే 50 సెకన్ల వెనకబాటు పూడ్చి, మొత్తం మీద 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ కథ విన్నాకే నాకూ ఈ బార్ల మీద మోజు పుట్టింది. కానీ ఆ రోజు అతను తొక్కింది 24.5 కిలోమీటర్లు, అరగంట లోపు పని. మీ పోటీలో తొక్కాల్సింది 90 కిలోమీటర్లు. అరగంట ఓర్చుకునే సీటు వేరు, మూడు గంటలు కూర్చునే సీటు వేరు.

ఇక సీటు. నన్ను ఒడ్డున పడేసింది ముక్కు చీలి రెండు కొమ్ముల్లా ఉండే రకం. ఐఎస్‌ఎం వాళ్ళవి ఇందులో బాగా పేరున్నవి, ఇంకొన్ని కంపెనీలు కూడా చేస్తున్నాయి. బరువు రెండు పక్కలా ఉన్న ఎముకల అంచుల మీద పడుతుంది, మధ్య భాగం ఖాళీలో ఉంటుంది. ఖరీదు ఎక్కువే, పైగా మన ఊళ్ళలో చూసి కొనుక్కునే వీలు లేదు. నా అదృష్టం కొద్దీ విశాఖలో ఒక స్నేహితుడు తన పాతది పదిహేను రోజులు వాడి చూడమని ఇచ్చాడు. మొదటి రెండు రోజులు ఎముకల దగ్గర నొప్పి పెట్టింది. తిమ్మిరి మాత్రం మొదటి రోజే లేదు.

బిగించడంలో చాలామంది పొరబడతారు. ఈ సీటుకి ముక్కు పొట్టి, మీరు కూర్చునేది దాని ముందు అంచు మీదే. అందుకని పాత సీటు ముక్కు ఉన్న చోటికే దీని ముక్కు రావాలని ముందుకి లాగకండి. దాదాపు రెండు అంగుళాలు వెనక్కి ఉండాలి. ఎత్తు కొలిచేటప్పుడు కూడా మీరు నిజంగా కూర్చునే చోటికే టేపు పెట్టండి.

వాలు సంగతి ఇంకా ముఖ్యం. నేను మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి సరిచూస్తాను, ఫోన్లో ఉండే లెవెల్ అయినా చాలు. ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి వాలితే హాయిగా ఉంటుంది. అంతకు మించితే ముందుకి జారిపోతుంటారు, ఆ జారుడు ఆపడానికి భుజాలు బిగబట్టాల్సి వస్తుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఒక రోజుకి ఒక్క మార్పే చేయండి. పాత కొలతలు సీట్ పోస్ట్ మీద టేపు అంటించి రాసి పెట్టుకోండి.

మీది రోడ్ సైకిల్ కాబట్టి ఇంకో మాట. రోడ్ సైకిల్ సీటు గొట్టం (సీటు కింద నుంచి పెడళ్ళ దాకా దిగేది) నేలకి 73 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, ట్రయథ్లాన్ సైకిళ్ళకి 76 దాటి ఇంకా నిటారుగా ఉంటుంది. అందుకే మీరు తెలియకుండానే సీటు కొస మీదకి జరిగిపోతున్నారు. ముక్కు పాత చోటు దాకా రాకుండా చూసుకుంటూ, సీటే కొంచెం ముందుకి జరిపితే ఆ అవసరం తగ్గుతుంది. సెంటీమీటరు జరిపితే సుమారు 3 మిల్లీమీటర్లు పైకి ఎత్తండి, లేకపోతే పెడల్ దగ్గరైపోయి మోకాళ్ళు నొప్పెడతాయి. మోచేతుల ప్యాడ్లు మరీ కిందికి ఉంటే కూడా ఇదే తిమ్మిరి. నేను ప్యాడ్ల కింద రెండు సెంటీమీటర్ల స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్ళలు) వేశాక పోయిన వేగమేమీ లేదు, ఎందుకంటే అంతకు ముందు పది నిమిషాలకోసారి లేచిపోయేవాణ్ణి.

మా బావకి మాత్రం నా సీటు అస్సలు పడలేదు. కొమ్ముల మధ్య వెడల్పు ఎక్కువై తొడలు రాసుకునేవి. జిప్ టై వేసి రెండు కొమ్ములూ దగ్గరకి లాగాం, కొంత నయమైంది. చివరికి అదే రకంలో సన్నటిది తీసుకున్నాడు. అందుకే ఒకరికి పడింది చూసి డబ్బు పెట్టేయకండి.

షార్ట్స్ లోపల డ్రాయరు వేసుకోవద్దు, ఆ కుట్లే సెగ్గడ్డలకి మూలం. మన ఉక్కపోతకి ఒరిసే చోట క్రీమ్ కచ్చితంగా రాయండి. కాశీనగరం మీదుగా గునుపురం వైపు ప్రాక్టీసు చేస్తున్నానన్నారు కదా, పది నిమిషాలకోసారి లేచి నిలబడి పెడల్ ఇరవై సార్లు తొక్కండి. రక్తం ఆడుతుంది.

ఈ చీలిన ముక్కు రకంలో నా పాత సీట్లు రెండు ఇంట్లోనే ఉన్నాయి, ఒకటి వెడల్పుది, ఒకటి సన్నటిది. బరంపురం వచ్చే పని పడితే సైకిల్ కూడా తెచ్చుకోండి, ఇక్కడే బిగించి చూద్దాం. మీకు ఏది సరిపోతే దాన్ని పదిహేను రోజులు మీ దగ్గరే ఉంచుకోండి.