జనరల్ బాడీకి వెళ్లే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన జనరల్ బాడీ (కార్పొరేటర్ల సభ) ఎజెండా ఫోటో చూశాను. మన వరంగల్ కార్పొరేషన్ జాగాలో పేదల ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కలిపి కట్టే విషయం చర్చకు వస్తోందని, మీ డివిజన్ వాళ్లేమో ఎత్తయిన బిల్డింగులు వద్దని సంతకాలు చేసి నీ చేతిలో పెట్టారని రాశావు. టెన్షన్ పడకు. కట్టే పర్మిషన్లు ఆఫీసర్లు ఆన్‌లైన్‌లో చూసుకుంటారు. జాగా కార్పొరేషన్‌ది కాబట్టే ఈసారి 66 డివిజన్ల సభలో నీ మాటకు విలువ.

ముందు నా తప్పు చెప్తా. నేను కార్పొరేటర్‌గా ఉన్నప్పుడు ఊరవతల గుట్ట పక్కన పేదలకు ఇళ్లు కడదామని తీర్మానం వస్తే చెయ్యెత్తాను. కొట్లాట లేదు, ఫోటోలు బాగా వచ్చాయి. నాలుగేళ్లకు అటు పోతే సగం ఇళ్లకు తాళాలు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ చేసే ఒకాయన ఇల్లు చూశాను. గుమ్మానికి ఎండిపోయిన మామిడాకుల తోరణం అట్లనే ఉంది, కిటికీలో బస్తాలు కుట్టే సుతిలి ఉండ దుమ్ము పట్టి ఉంది. మనిషి మాత్రం మళ్లీ మార్కెట్ వెనక ఒక్క గదిలో కిరాయికి దిగాడు. "మిర్చి సీజన్‌లో తెల్లారకముందే పోవాలె సార్, ఆ టైముకు అక్కడ ఆటో దొరకదు" అన్నాడు. ఇల్లు చూపించి ఆయనకు పని దూరం చేశాను.

అందుకే ఊరి నడుమ జాగా దొరికితే అక్కడే ఎక్కువ కుటుంబాలకు ఇళ్లు రావాలంటాను. అట్లని అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోనవసరం లేదు. సర్కారు డబుల్ బెడ్రూం స్కీములో ఇల్లు 560 చదరపు అడుగులు ఉండేది. జీ ప్లస్ త్రీలో, అంటే గ్రౌండ్ ఫ్లోరు మీద మూడంతస్తులతో, దగ్గర దగ్గరగా కట్టినా చాలామంది పడతారు. తొమ్మిదంతస్తులైతే లిఫ్టు, జనరేటరు ఉండాల్సిందే. ఇళ్లలో గిన్నెలు తోమే ఆమె ఆ మెయింటెనెన్స్ నెలనెలా కట్టగలదా? లిఫ్టు ఆగిన రోజు ఆరో అంతస్తుకు బిందె మోసేది ఆమే. ఈ ప్రశ్న సభలో ఇంకెవరూ అడగరు, నువ్వే అడుగు.

ఇంకో మాట. 2012 బిల్డింగ్ రూల్స్‌లో ఎఫ్ఎస్ఐ (జాగా సైజును బట్టి మొత్తం ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగా (సెట్‌బ్యాక్) బట్టే ఎత్తు. అంటే ఎన్నంతస్తులన్న పంచాయితీ రోడ్డు దగ్గరే తేలుతుంది. ప్లానులో 40 అడుగులని ఉండొచ్చు. సంతకాలు పెట్టినోళ్లలో ఇద్దరిని వెంటబెట్టుకొని పోయి, మెట్లు, ర్యాంపులు, ఆపి ఉంచిన బండ్లు పోగా ఎంత మిగిలిందో కొలువు. ఆ మెట్లు వాళ్లవే అయితే నవ్వకు.

వాళ్ల భయంలో సగం నిజమే. డ్రైనేజీ పైపు పాతది, ఇంత మందికి చాలుతుందా అన్నదానికి ఇంజినీర్ల దగ్గర లెక్క తెచ్చి చూపించు. మిగతా సగం, పక్కన ఎవరొచ్చి ఉంటారో అన్న భయం. అది పైకి అనరు. అన్న రోజున, పొద్దున వాళ్లింట్లో పాల ప్యాకెట్ వేసే పిల్లగాడు రాత్రి ఎక్కడ పడుకుంటున్నాడో అడుగు చాలు.

నీళ్ల దగ్గర మాత్రం ఎవరి మాటా వినకు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో హన్మకొండ ఎట్లా మునిగిందో, భద్రకాళి చెరువు కట్టకు ఎట్లా గండి పడ్డదో చూశావు. గొలుసుకట్టు చెరువుల ఊరు మనది. పై చెరువు అలుగు పోస్తే నీళ్లు కిందికి పారాలి. పల్లపు జాగా చవక కాబట్టి దాన్నే పేదల వంతుకు రాస్తారు, ముందు మునిగేదీ వాళ్లే. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి. మ్యాపు చూసినాక అక్కడి ముసలోళ్లను కూడా అడుగు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద మరక చూపిస్తారు. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకొని సభకు పో. అన్నట్టు, 'నాలా' అని రెవెన్యూ వాళ్లంటే సాగు భూమిని వేరే వాడకానికి మార్చడం, మనమంటే వరద కాలువ. ఒకసారి ఈ గందరగోళంలోనే అరగంట వాదించుకున్నాం.

చివరి నిమిషంలో టేబుల్ ఐటమ్‌గా, అంటే ఎజెండాలో లేకుండా అప్పటికప్పుడు, ఏదైనా మార్పు తెస్తే చదవకుండా చెయ్యెత్తకు. పేదలవి ఎన్ని ఇళ్లు, ఏ సైజు, ఎప్పుడు అప్పగిస్తారు, అన్నీ తీర్మానంలో రాయించు. ముఖ్యంగా, వాళ్ల బ్లాకు ఫేజ్ టూలోకి, అంటే తర్వాత కడతామనే దాంట్లోకి, జారకుండా చూడు. నాకు తెలిసిన ఒకచోట ఫేజ్ టూ జాగా ఇప్పుడు ఫంక్షన్ హాలుకు పార్కింగ్.

శనివారం పొద్దున బస్సుకు వస్తా. నా పాత 30 మీటర్ల టేపు ఇంకా పనిచేస్తుంది, తెస్తా. నువ్వు చెప్పులు మాని బూట్లు వేసుకో, మనం కొలవబోయే జాగా దగ్గర బురద ఎక్కువ.

నీ పెద్దబాపు