ఆ ఖాళీ ఫిలిం దగ్గర మొదలుపెట్టు

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పదకొండు పేజీల వ్యాసం రెండుసార్లు చదివాను. జన్యువుల వ్యక్తీకరణ (ఏ జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేస్తుందన్న సంగతి) మీద, క్యాన్సర్ మీద ముప్పయ్యేళ్లు పనిచేసి మీ ఊరికి తిరిగొచ్చిన ప్రొఫెసర్ గారి గురించి మొదటి నాలుగు పేజీల్లో డిగ్రీలు, సన్మానాలు, తిరిగిన దేశాలు తప్ప మరేమీ లేవు. ఏడో పేజీలో మాత్రం, ఆయన చీకటి గదిలో కడిగిన ఎక్స్‌రే ఫిలిం మీద ఆరు వారాల పాటు ఒక్క గీత కూడా పడలేదని రాశావు. వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఎందుకు పడలేదో ఆయన్ని మళ్లీ అడుగు. ఆ రోజుల్లో ఒక జన్యువు కణంలో ఏ మేరకు పనిచేస్తోందో తెలియాలంటే, దాని నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏను జెల్‌లో విడదీసి, పొర మీదికి ఎక్కించి, రేడియోధార్మిక భాస్వరం-32 తగిలించిన డీఎన్‌ఏ ముక్కతో వెతికేవారు. ఆ ముక్క అతుక్కున్న చోట ఎక్స్‌రే ఫిలిం మీద గీత పడేది. ఆ భాస్వరం సుమారు 14 రోజుల్లో సగానికి తరిగిపోతుంది. ఇక ఆర్‌ఎన్‌ఏ సంగతి చెప్పనే అక్కర్లేదు. తొడుగు లేని వేలు తగిలితే చాలు, చర్మం మీది ఎంజైములే దాన్ని ముక్కలు చేసేస్తాయి. ఆ ఆరు వారాలూ ఆయన దేన్ని అనుమానించారు? తన చేతినా, వాడిన నీళ్లనా, అసలు తన ఊహనేనా? నాకు కావలసింది అది.

ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు అన్ని కాలువలకూ ఒకటే అయినా ఏ తూము ఎప్పుడు ఎత్తాలో లస్కరు చూసుకున్నట్లు, కాలేయ కణంలోనూ చర్మ కణంలోనూ అవే జన్యువులున్నా తెరుచుకునేవి వేరని రాశావు. బాగుంది, మన వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. అయితే కణంలో లస్కరు లేడు. జన్యువులను నడిపించే ప్రోటీన్లు డీఎన్‌ఏను తాకుతూ, అంటుకుంటూ, ఊడిపోతూ ఉంటాయి. పైగా అవి కూడా వేరే జన్యువుల నుంచి పుట్టినవే. పోలిక ఎక్కడ చెడుతుందో కూడా పాఠకుడికి చెప్పు.

పీ53 అనే ప్రోటీన్ గురించి నువ్వు రాసిన వాక్యం నన్ను నిరాశపరిచింది. ఆ ప్రోటీన్ 1979లో బయటపడింది. అది క్యాన్సర్‌ను పెంచేదని దాదాపు పదేళ్లు నమ్మారు. ప్రయోగశాలల్లో వాడిన జన్యు ప్రతులు చాలావరకు అప్పటికే మార్పు చెందినవని, అసలు రూపం కణితిని అణచేదని 1989 నాటికి తేలింది. ఆ ఏళ్లలో మీ ప్రొఫెసర్ గారు పరిశోధక విద్యార్థి! దాన్ని నువ్వు “తదుపరి పరిశోధనల్లో స్పష్టమైంది” అని దాటేశావు.

జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని భీమవరంలో పుట్టారన్న కారణంతో మొదటి పేరాలో విగ్రహంలా నిలబెట్టకు. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నాయకత్వంలో తయారైన అమినాప్టెరిన్ అనే మందుతో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో తాత్కాలికంగా ఉపశమనం కనిపించిందని 1948లో అమెరికన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ అనే మందుకు కొన్ని కణాలు ఎలా లొంగకుండా పోతున్నాయో 1978లో శాస్త్రవేత్త రాబర్ట్ షిమ్కీ బృందం చూపింది: మందు అడ్డుకునే ఎంజైమ్ తాలూకు జన్యువునే అవి ఎన్నో ప్రతులుగా పెంచుకుంటున్నాయి. సుబ్బారావు గారి పేరు అక్కడికి తీసుకురా, విషయంలో అతుకుతుంది.

చివరి పేరా తిరగరాయి. చాలా ఏళ్ల క్రితం నేనూ అలాగే రాశాను. ఎలుకల్లో పనిచేసిన ఒక మందు గురించిన వార్త అది; శీర్షికలో ‘ఎలుకల్లో’ అన్న మాట లేదు, ఉండాలని నేను పట్టుబట్టనూ లేదు. వారం తిరక్కుండా రాజోలు వైపు నుంచి ఒకాయన తన భార్య రిపోర్టులు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చారు. నాలుగు మడతలు పెట్టిన నా వార్తను విప్పి, ఆ మందు ఏ ఊళ్లో ఇస్తారండీ అని అడిగారు. నేను చెప్పింది విని, కాగితాన్ని మళ్లీ ఆ మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నారు.

నీ పదకొండో పేజీలో “క్యాన్సర్‌ను జయించే దారి” అని ఉంది. ఏ క్యాన్సర్, ఏ కణాలు, గాజు పళ్లెంలోనా మనిషిలోనా, ఈ మూడూ ఆ వాక్యంలోనే చేర్చి మళ్లీ పంపు.