జూలీ మరిచిపోయిందా?

ప్రశ్న: ఫ్రెంచి భాషా రచయిత రూసో ఉత్తరాల రూపంలో రాసిన 'జూలీ' నవలలో నాయిక వోల్మార్‌ను పెళ్లాడాక పాత ప్రేమను నిజంగానే మరిచిపోయిందా? 163 ఉత్తరాలూ చదివితేగానీ తెలియదా?

జవాబు: మరిచిపోలేదండీ. 1761లో వచ్చిన ఈ నవల ఆరు భాగాలు. మూడో భాగం 18వ ఉత్తరాన్నీ, ఆరో భాగం 12వ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటిదాంట్లో పెళ్లినాడు చర్చిలో తన మనసు ఒక్కసారిగా మారిపోయిందని జూలీ తన ప్రియుడు సేన్ ప్రూకి రాస్తుంది. చాలామంది అక్కడే ఆగి శీలం గెలిచిందనుకుంటారు. కథ చెప్పేవాడు మధ్యలో లేని నవల ఇది. ఏ ఉత్తరమైనా ఆ పూట మనసే. సరస్సులో పడిన కొడుకును కాపాడి మంచం పట్టాక రాసిన రెండోదాంట్లో, అంటే తన చివరి ఉత్తరంలో, ఆ ప్రేమ పోయిందని ఇన్నాళ్లూ భ్రమపడ్డాననీ, ఆ భ్రమే తనను కాపాడిందనీ ఒప్పుకుంటుంది. ఎంత గుండె కోసే మాట! దాన్ని సేన్ ప్రూకి పంపింది స్వయానా భర్త వోల్మారే.