చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిట్టికి,

కథల డబ్బులు కూడబెట్టి, ఏ వస్తువు పోలికా లేని నైరూప్య చిత్రాలు కొంటున్నావనీ, ఆ చిత్రకారుల మీద పుస్తకం కూడా మొదలుపెట్టావనీ మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కొన్నదానికి రసీదు తీసుకో. చెమ్మ గోడకి తగిలించకు, ఎండ పడనీయకు. స్నేహితుల దగ్గర బేరమాడకు. డబ్బు చాలకపోతే కాగితం మీద వేసిన చిన్న బొమ్మ అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం నీకు తెలియదు. నా ముప్పైయేళ్లప్పుడు ఒక చిత్రకారుడు మాకు ఆప్తుడు. పేరెందుకులే. సాయంత్రాలు ఆయన గదిలోనే గడిచేవి. ఒకసారి రోలర్‌తో నీలం మీద నీలం పూసి, కత్తితో గీకి, పెద్ద కాన్వాసు ముగించారు. నాకు కళ్లు చెమర్చాయి. రాజమండ్రి గట్టు మీంచి తెల్లారకముందు కనిపించే గోదారే అది! ఆయన ప్రదర్శనకి రాసిన వ్యాసంలో అదే మాట రాశాను. ఇక వచ్చినవాళ్లంతా "ఆ గోదావరి బొమ్మ ఏదండీ?" అని అడగడం, అందులో పడవ వెతకడం. ఆయన పుట్టి గోదారి మొహం చూడలేదు. "నీకు కనిపించింది నీ దగ్గరే ఉంచుకోవాల్సింది. ఇప్పుడు నాకూ నీళ్లే కనిపిస్తున్నాయి" అన్నారు. ప్రదర్శన అయ్యాక దాని మీద బూడిదరంగు పూసేశారు. మెచ్చుకోవడం కూడా తప్పేనా అని పోట్లాడి, ఇంటికొచ్చి ఏడ్చాను.

నైరూప్య చిత్రకారుడు గైతోండే తన బొమ్మల్లో చాలావాటికి పేరే పెట్టలేదు. అదెందుకో నాకు ఆ రోజు కొంచెం తెలిసింది. అలాగని మాటకీ రంగుకీ పగ లేదమ్మా. 1981లో చిత్రకారుడు రజా 'మా' (హిందీలో అమ్మ) అనే తన చిత్రం మీద హిందీ కవి అశోక్ వాజ్‌పేయి కవితలోని పంక్తిని దేవనాగరిలో రాసుకున్నారు. ఆ పంక్తిని పిలిచింది చిత్రకారుడే. నేను మాత్రం ఎవరూ పిలవకుండానే వెళ్లాను.

నీకూ నాలాగే నోరు ఆగదు. చూసిన వెంటనే ఉపమానం వెతుకుతావు. అదే నా భయం. రాసింది అచ్చుకివ్వకముందు ఆ బొమ్మ వేసినవాళ్లకి చదివి వినిపించు, మొహం చూస్తూ చదువు.

ఆ కాన్వాసు చివరికి నాకే ఇచ్చారు. ఎడమ అంచున వేలెడంత నీలం మిగిలింది. చిన్నప్పుడు మా హాల్లో "ఇదేంటి పెద్దమ్మా?" అని నువ్వడిగింది దాన్నే. నేను చెప్పలేదని అలిగి అన్నం తినలేదు నువ్వు.

వాళ్ల గదుల్లో టర్పెంటైన్ వాసన ఎక్కువ. నీకసలే ఉబ్బసం. కిటికీ పక్కన కూర్చో.

మీ పెద్దమ్మ