వరపు వేరు, కరువు వేరు

సందేహం: అనావృష్టి, కరువు, క్షామం, దుర్భిక్షం – నాలుగూ ఒకటేనా? జీతంలో ఇచ్చే ‘కరువు భత్యా’నికీ వానలకీ సంబంధం ఏమిటి? అనావృష్టికి తెలుగు మాట లేదా?

సమాధానం: ఒకటి కావు. అనావృష్టి అంటే వాన కురవకపోవడం, అంతవరకే. కరువు అంటే కావలసింది దొరకకపోవడం. అందుకే ‘మాటలు కరువయ్యాయి’ అంటాం, బిడ్డను ‘కరువుతీరా’ చూసుకుంటాం. ధరలు పెరిగి సరుకు అందకపోయినా కరువే. మీ జీతంలో ఉన్న కరువు అది. దానికి వానతో నేరుగా పనిలేదు.

క్షామం మనిషి ఒంటిని చూసి పుట్టిన మాట. సంస్కృతంలో ‘క్షై’ ధాతువుకు (క్రియకు మూలమైన మాటకు) కృశించడం అని అర్థం. సంస్కృత వ్యాకరణకర్త పాణిని ‘శుషః కః, పచో వః, క్షాయో మః’ అని వరసగా మూడు సూత్రాల్లో శుష్క, పక్వ, క్షామ శబ్దాలను సాధించాడు. క్షామ అంటే చిక్కిపోయిన అని. సన్నని నడుము గల స్త్రీ ‘క్షామమధ్య’. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఊడ్చేసిన కరువును జనం ‘డొక్కల కరువు’ అన్నారు. పాణిని పేరు కూడా వినని ఆ జనానికీ ముందు కనపడింది ఎండిన డొక్కలే. దుర్భిక్షమంటే భిక్ష పుట్టని కాలం: అడిగేవాడికే కాదు, పెట్టేవాడి ఇంట్లోనూ గింజ లేదు.

ఇక మీ చివరి ప్రశ్న. మాట ఉంది, మంచి మాట: వరపు. పాత రాతలో ‘వఱపు’. తమిళంలో ‘వఱట్చి’ దీని తోబుట్టువే. అక్కడి ‘వఱ్ఱు’ (ఇంకిపోవు) మన దగ్గర ‘వట్టు’ అయింది, ‘పఱ్ఱు’ పట్టు అయినట్టు, ‘చుఱ్ఱు’ చుట్టు అయినట్టు. పొదుగు పిండితే చుక్క రాలనప్పుడు ‘ఆవు వట్టిపోయింది’ అంటామే, అదే ఈ ‘వట్టు’. ఆకాశం వట్టిపోతే వరపు! ఇంత చక్కటి మాటను నిఘంటువుకే వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

రైతుల నోట ‘బెట్ట’ మాత్రం ఇంకా బతికే ఉంది. పైరు నీటి ఎద్దడికి వాడుముఖం పడితే ‘చేను బెట్టకొచ్చింది’ అంటారు. అది చేనికి పట్టే కష్టం, ఊరంతటికీ కాదు. ఒక్క మంచి వాన పడితే తీరిపోవచ్చు.

కాబట్టి ‘కరువు వల్ల పైరు ఎండింది’ అని రాయకండి. పైరు ఎండింది వరపు వల్ల. కరువు ఆ తర్వాత, గాదె ఖాళీ అయ్యాక వస్తుంది.