టెక్ సందేహాలు: పాత బేస్‌బాల్ కార్డుల్లో ముద్రణ తేడాలను స్కానర్‌తో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. గరాజ్ సేల్‌లో కొన్న పెట్టెలో 1962లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల ఫొటోలతో అచ్చయిన సేకరణ కార్డులు) ఉన్నాయి. ఒకే నంబరు కార్డులు రెండు ఉండగా, ఒకదానిలోని ఫొటో ఆకుపచ్చగా కనిపిస్తోంది. ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం రెండూ ఒకేలా వస్తున్నాయి. ఇది అచ్చులోని తేడానా, రంగు వెలిసిందా? ఏ పరికరం, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

జవాబు: నంబరు 110 నుంచి 196 లోపు ఉంటే మీ అనుమానం నిజమయ్యే అవకాశం ఉంది. ఆ ఏడాది రెండో సిరీస్ (విడత) కార్డులు మామూలు రంగుల్లోనే కాక ఆకుపచ్చ ఛాయతోనూ వెలువడ్డాయి. సేకరణదారులు వీటిని గ్రీన్ టింట్ అంటారు. కొన్నింటిలో ఫొటో కూడా మారింది. ఫోన్ కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను తనంతట తానే సరిదిద్దుతుంది కాబట్టి, మీరు వెతుకుతున్న తేడానే అది చెరిపేస్తోంది.

ఈ పనికి ఫ్లాట్‌బెడ్ స్కానర్ కావాలి. కార్డు గట్టి ప్లాస్టిక్ కేసులో ఉంటే సీసీడీ సెన్సర్ (లెన్సు ద్వారా చిత్రం తీసే రకం) ఉన్నదే తీసుకోండి. చవకగా దొరికే సీఐఎస్ (అద్దానికి దగ్గరగా ఉండి చదివే సెన్సర్) స్కానర్లలో అద్దానికి కాస్త ఎత్తున ఉన్న వస్తువు మసకబారుతుంది. రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి ఒకే స్కాన్‌లో, 1200 డీపీఐ (అంగుళానికి 1200 పిక్సెళ్లు) వద్ద తీసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా భద్రపరచండి. అంతకన్నా ముఖ్యంగా, షార్పెనింగ్, కలర్ రిస్టోరేషన్, డీస్క్రీనింగ్ మూడింటినీ ఆపేయండి. డీస్క్రీనింగ్ చేసే పనే అచ్చు ఫొటోను ఏర్పరిచే సన్నని సిరా చుక్కలను కరిగించడం, మనకు కావలసిన సాక్ష్యం ఆ చుక్కల్లోనే ఉంది.

తర్వాత ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో రెండు కార్డులనూ రెండు లేయర్లుగా పెట్టి, అంచులు కలిపి, పై లేయర్‌ను డిఫరెన్స్ మోడ్‌లోకి మార్చండి. ఒకేలా ఉన్న చోటు నల్లబడి, తేడా ఉన్న చోటు వెలుగుతుంది. చుక్కల వల్ల అంతటా సన్నని మెరుపు కనిపిస్తే రెండు లేయర్లకూ కొద్దిగా గాసియన్ బ్లర్ (చిత్రాన్ని మసకబార్చే ఫిల్టర్) ఇవ్వండి. ఎండకు వెలిసిన కార్డయితే ఫొటోతో పాటు చుట్టూ ఉన్న చెక్క రంగు అంచూ పాలిపోతుంది, కానీ చుక్కల అమరిక మాత్రం మారదు.

తేడా కనిపించగానే దాన్ని వేరియేషన్‌గా, అంటే అచ్చులోనే వచ్చిన వేరే రూపంగా, లెక్కించవద్దని గట్టిగా చెబుతాను. ప్లేటు మీద దుమ్ము పడి ఒక్క కాగితం మీద ఏర్పడిన మచ్చ వేరు, అదే చోట అనేక ప్రతుల్లో కనిపించే మార్పు వేరు. 1958 టాప్స్‌లో 433వ నంబరు పాంచో హెరేరా కార్డు కొన్ని ప్రతుల్లో ఇంటిపేరు చివరి అక్షరం లేకుండా అచ్చయింది. 1990లో 414వ నంబరు ఫ్రాంక్ థామస్ కార్డు ముందువైపు పేరే పడలేదు. అదే షీటులోని (అనేక కార్డులను కలిపి అచ్చువేసే పెద్ద కాగితం) పొరుగు కార్డుల్లోనూ నలుపు గీతలు అక్కడక్కడా మాయమయ్యాయి కనుక నల్ల సిరాకే అడ్డు తగిలిందని తెలుస్తుంది. కాబట్టి వేలం సైట్లలోని పాత అమ్మకాల చిత్రాలతో పోల్చి, అదే మార్పు ఉన్న ఇంకో ప్రతి దొరికాకే నిర్ణయానికి రండి.

ప్రశ్న: బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ 1952 టాప్స్ కార్డులు రెండింటి స్కాన్లు మా అబ్బాయి అమెరికా నుంచి పంపాడు. వెనుక బంతి బొమ్మ మీద కుట్లు ఒకదానిలో ఒకవైపు, మరొకదానిలో ఇంకోవైపు తిరిగి ఉన్నాయి. ఒకటి నకిలీయా?

జవాబు: ఆ ఒక్క కారణంతో నకిలీ అనలేం. 311వ నంబరైన ఆ కార్డును షీటులో రెండు చోట్ల వేశారు, అందుకే రెండు రకాలూ అసలువే. కొలత మాత్రం చూడండి: అసలు కార్డు 2⅝ × 3¾ అంగుళాలు, అంటే 1200 డీపీఐ స్కాన్‌లో సుమారు 3150 × 4500 పిక్సెళ్లు రావాలి. 1983లో టాప్స్ తానే వేసిన పునర్ముద్రణ 2½ × 3½ అంగుళాలే. ఆపై పేరున్న భాగాన్ని పెద్దది చేసి చూడండి. అసలు కార్డులో నల్లని గీతలు గట్టి సిరాతో నిండుగా ఉంటాయి. అచ్చయిన కార్డును మళ్లీ ఫొటో తీసి వేసిన నకలులో ఆ గీతలు కూడా చుక్కలుగా విడిపోతాయి. కొనాలనుకుంటే, సొమ్ము చెల్లించే ముందే ఆ భాగం స్కాన్‌ను 1200 డీపీఐలో విడిగా పంపమని అమ్మకందారును అడగమని మీ అబ్బాయికి చెప్పండి.