గడ్డి కోసే మనిషిని కుదుర్చుకునే ముందు

నెల్లూరు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఒంగోలులో మీ కొత్త ఇంటి ముందు పరిచిన గడ్డి చక్కగా వేరు పట్టిందనీ, దానిని కోయడానికి ఒక మనిషిని నెలకు ఇంత అని మాట్లాడుకోవాలని అల్లుడుగారు అనుకుంటున్నారనీ, ఎంతకు ఒప్పుకోవచ్చో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. అమ్మా, ధర సంగతి తర్వాత చూద్దాం. అసలు నెలవారీ పద్ధతికే ఒప్పుకోవద్దనీ, కోతకు ఇంత అని మాట్లాడుకోమనీ చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా నెల్లూరులో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనూ, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలతోనూ కురుస్తుంది. మీ ఒంగోలుకు కూడా ఆ వానల్లో పెద్ద వాటా ఉంది. ఆ మూడు నెలల్లో గడ్డి వారానికి ఒకసారి కోయించుకుంటుంది. చలి రాత్రులు మొదలైన తర్వాత పెరుగుదల మందగిస్తుంది. ఎండాకాలంలో బోరు నీరు పొదుపుగా పెట్టే ఇళ్లలో మూడు వారాలకు ఒక కోత చాలు. నెలకు ఇంత అని కుదిరిన మనిషి మాత్రం ఏడాది పొడవునా నెలకు రెండుసార్లే వస్తాడు. అవసరం లేని మే నెలలో వచ్చి ఎండిన గడ్డి మీద మిషన్ తిప్పి వెళతాడు, కార్తీకంలో నాలుగుసార్లు రావలసిన చోట రెండుసార్లే కనిపిస్తాడు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన రోజుల్లో మా ఇంటి గడ్డికి మూడు వారాల పాటు కోత లేదు. తెరిపి ఇవ్వగానే మా మనిషి భుజానికి బ్రష్ కట్టర్, అంటే పొడుగు కర్ర చివర నైలాన్ దారం గిర్రున తిరిగి గడ్డి కోసే మిషన్, తగిలించుకుని వచ్చి, జానెడు పెరిగిన గడ్డిని ఒక్క పూటలో నేల దాకా గొరిగేశాడు. పైనున్న పచ్చని ఆకంతా పోయి, అడుగున ఎండ తగలని పసుపుపచ్చని కాడలు బయటపడ్డాయి. వారం తిరగకముందే అవి గోధుమరంగుకు తిరిగాయి. సంక్రాంతి నాటికి అక్కడక్కడా మట్టి కనిపించింది, ఆ ఖాళీలలో తుంగ లేచింది. తుంగకు నేలలో గడ్డలుంటాయి కనుక ఎన్నిసార్లు కోసినా మళ్లీ వస్తుంది. మీ అత్తయ్యా నేనూ రెండు నెలల పాటు తడి నేలలో కూర్చుని ఒక్కొక్క గడ్డనూ తవ్వి తీశాము. ఆ మనిషిని తప్పు పట్టలేను. వచ్చే కోతలు తక్కువైనప్పుడు ప్రతిసారీ నేల దాకా కోయడమే అతనికి గిట్టుబాటు. మేము కుదుర్చుకున్న పద్ధతిలోనే ఆ లోపం ఉంది.

కనుక అతనితో ముందుగా తేల్చుకోవలసినది ఎత్తు. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. కడియం నర్సరీల నుండి లారీల్లో మట్టితో సహా వచ్చే గడ్డి మెత్తలను పరిచామని రాశావు గానీ అది ఏ రకమో రాయలేదు. బెర్ముడా అంటే మన గరికే. దానిని ఒకటిన్నర అంగుళం దగ్గర నిలపాలనుకుంటే, రెండుంబావు అంగుళాలకు చేరినప్పుడు కోత పడాలి. కొరియన్ గడ్డి అయితే పెరుగుదల నిదానం కనుక కోతలు ఇంకా తక్కువ, కానీ వదిలేస్తే దిండులా ఉబ్బి మిషన్‌కు లొంగదు. చక్రాల మిషన్‌కు ఎత్తు మార్చే మీట ఉంటుంది. మొదటి కోత రోజున నువ్వు స్కేలు పట్టుకుని, అతను రెండు గజాలు కోయగానే ఆపి కొలిచి చూడు. మొహమాటపడవద్దు. పని తెలిసిన మనిషి దానికి నొచ్చుకోడు.

ఇక బ్లేడు. ఇది అన్నిటికంటే ముఖ్యం, అయినా ఎవరూ అడగరు. కోసిన వెంటనే ఒక గడ్డి పోచ తుంచి, కొనను వెలుతురుకు పెట్టి చూడు. అంచు కత్తెరతో కత్తిరించినట్టు తిన్నగా ఉంటే బ్లేడు పదునైనది. పీచులు పీచులుగా చిట్లి ఉంటే మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయలేదు, చీల్చింది. అటువంటి గడ్డి ఒకటి రెండు రోజుల్లో కొనలు తెల్లబారి, దూరానికి ఎండిపోయినట్టు కనబడుతుంది. అప్పుడు మనం నీరు చాలలేదేమో అనుకుని మరింత నీరు పెడతాం. బ్లేడుకు ఎప్పుడు సాన పట్టించావని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగిన మనిషినే ఎంచుకో. వేరే ఇంటి నుండి నేరుగా వచ్చినట్లయితే, మిషన్ అడుగున అంటుకున్న గడ్డిని గేటు బయటే దులిపించు. వయ్యారిభామ అనే కలుపు మొక్క విత్తనాలు ఒక ఇంటి నుండి మరో ఇంటికి చేరే దారుల్లో అదొకటి.

బ్రష్ కట్టర్ అసలు వద్దని కాదు. చక్రాలు వెళ్లని గోడ వారన, మెట్ల పక్కన అది అవసరమే. కానీ మీరు నాటిన నిమ్మ మొక్క మొదలుకు ఆ నైలాన్ దారం తగిలిందంటే బెరడు చుట్టూ ఊడి మొక్క చచ్చిపోతుంది. మొదలు చుట్టూ జానెడు మేర గడ్డి లేకుండా ఉంచండి. కోతకు ముందు గులకరాళ్లు, మేకులు, కొబ్బరి చిప్పలు ఏరించు. మిషన్ నడిచేటప్పుడు పిల్లలు ఇంట్లోనే ఉండాలి. కరెంటు మిషన్ అయితే గడ్డి తడిగా ఉన్న రోజున ప్లగ్గు పెట్టనివ్వకండి. పెట్రోలు మిషన్ అయినా తడిలో తిప్పితే గడ్డి ముద్దలు కట్టి, చక్రాలు నేలలో దిగబడతాయి.

ధర మాట్లాడేటప్పుడు కొలత ఏమిటో తేల్చుకోండి. మా ఊళ్లో అంకణం లెక్క, అంటే 72 చదరపు అడుగులు. మీ వైపు గజాల్లో చెబుతారు, అంటే 9 చదరపు అడుగులు. టేపు పట్టి గడ్డి ఉన్న మేరనే కొలిచి, అంచులు సరిచేయడం, కోసిన గడ్డి ఊడ్చి ఎత్తడం అందులోనే కలుపుకుని ఒక కోతకు ఎంతో చెప్పమనండి. ఒకే వీధిలో మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒకే రోజున పిలిస్తే అతనికీ రవాణా కలిసివస్తుంది, మీకూ కొంత తగ్గుతుంది. పని అయ్యాక బేరమాడవద్దు. డబ్బు అప్పటికప్పుడే చేతికివ్వండి. రోహిణి కార్తెలో తొమ్మిది దాటాక ఎవరినీ ఎండలో నిలబెట్టవద్దు, ఆరు గంటలకే రమ్మని, వచ్చిన వెంటనే మంచినీళ్లు ఇవ్వు.

గడ్డికి ఏ మందూ చల్లకుండా ఉన్నప్పుడు కోసిన గడ్డిని గేదెలున్నవాళ్లకు ఇవ్వవచ్చు. మందు చల్లి ఉంటే మాత్రం ఏ పశువుకూ పెట్టనివ్వకు. మీది గరికే అయితే వినాయక చవితికి ముందు ఒక మూల కోయకుండా వదలమని చెప్పు, పూజకు పనికి వస్తుంది. మొదటి కోత అయిన మూడో రోజు ఉదయం గడ్డిని దగ్గరగా ఫోటో తీసి పంపించు. కొనల రంగు చూసి ఆ మనిషిని మళ్లీ పిలవాలో వద్దో చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య